అప్పాయమ్మ ఇంటివారు

అద్దె ఇళ్ళలో కాలం గడిపినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. "గోడకు మేకు కొట్టాలంటే ఇంటివారిని అడగండి", "ఇంటివారు ఊళ్ళో లేరండి, మోటారు గది తాళం వాళ్ళ దగ్గరే ఉంది" అంటే ఆ ఇంటివారు ఎవరో అందరికీ తెలుసు. ఇల్లు ఎవరిదైతే వాళ్ళే. నేను రాజోలులో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. నానార్థాలు చెప్పడంలో ఝాన్సీ టీచరును మించినవాళ్ళు లేరని మా హెడ్మాస్టరు గారే అనేవారు. ఆ పాండిత్యంతోనే ఒక ఆదివారం చర్చిలో సంఘం అందరి ముందూ ఒక పెద్దావిడకు ఈ మాట అర్థం చెప్పాను. ఆ రోజు నా నోరు పడిపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆవిడ పేరు అప్పాయమ్మ. కాన్పుల ఆస్పత్రిలో ఆయా. పెళ్ళయిన రెండో ఏడే భర్త పని వెతుక్కుంటానని ఏలూరు వెళ్ళి, అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. పిల్లల్లేరు. అమ్మానాన్నలు అంతకుముందే పోయారు. చదువు వేలిముద్ర దగ్గరే ఆగిపోయింది గానీ జ్ఞాపకశక్తి మాత్రం అమోఘం. ఆదివారం విన్న ప్రసంగాన్ని సోమవారం ఆస్పత్రి వరండాలో పాస్టరు గారి దగ్గుతో సహా అప్పజెప్పేది. కుట్లు నొప్పెడుతున్నాయి, నవ్వించొద్దు తల్లీ అని బాలింతలు బతిమాలుకునేవారు.

1979లో ఆ ఆస్పత్రికి భవానీదేవి గారు కాన్పుకు వచ్చారు. రాజుల కుటుంబం, కొబ్బరితోటలు, పెద్ద పెంకుటిల్లు. బిడ్డ చనిపోయి పుట్టింది. పది రోజులు అప్పాయమ్మే ఆవిడ మంచం పక్కన నేలమీద కూర్చుంది. రెండేళ్ళకు భర్త కూడా పోవడంతో అంత ఇంట్లో ఒక్కరూ ఉండలేక, భవానీదేవి గారు అప్పాయమ్మను పిలిపించి పెరట్లో గది అద్దెకిచ్చారు. అదంతా దయ అని మురిసిపోకండి. తోడు కావాలి, ఆ తోడు గడప దాటి లోపలికి రాకూడదు. అందుకని పెరటి గది. అయినా మా పేట మనిషికి రాజుల పెరట్లో చోటు దొరకడమే ఆ రోజుల్లో వింత. మంచినీళ్ళు ఎత్తునుంచి పోసేవారట. అప్పాయమ్మ గ్లాసు విడిగా పెరటి గోడ మీద ఉండేదట. ఆ సంగతులు చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ ఏ కోపమూ లేకుండా చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది.

మా సంఘంలో ఆరాధన చివర ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం ఒకటి ఉంటుంది. అప్పాయమ్మ ప్రతి ఆదివారం లేచి, "మా ఇంటివారికి మోకాళ్ళ నొప్పులండి, ప్రార్థన చెయ్యండి" అనేది. ఇంకోసారి "మా ఇంటివారికి కంటి ఆపరేషనండి" అనేది. ఇంటివారంటే అత్తవారనుకున్నాం అందరమూ. మొగుడు వదిలేసినా అత్తగారి మోకాళ్ళ కోసం ఇంత పాటుపడుతోందే అని స్త్రీల సమాజంలో ఆమెను ఆదర్శంగా చెప్పుకున్నాం. ఆ ఆదర్శం మీద నేనే ఒకసారి పావుగంట మాట్లాడాను. ఎవరి మోకాళ్ళకు ప్రార్థన చేస్తున్నామో కనుక్కోవాలని ఇరవై ఏళ్ళలో ఒక్కరికీ తోచలేదు. ఒక్కర్తే ఉండే మనిషిని ఎవరూ ఏమీ అడగరు మరి.

ఇక అప్పాయమ్మ పొరపాటు ఎలా మొదలైందంటే, మా పాత పాస్టరు గారు బైబిల్లోని చెరసాల అధికారి మీద చేసిన ప్రసంగంతో. భూకంపానికి చెరసాల తలుపులు తెరుచుకుంటే ఆ అధికారి వణికిపోయి, నేనేం చేస్తే రక్షణ పొందుతాను అని అపొస్తలులను అడుగుతాడు. నమ్మితే చాలు, నువ్వూ నీ ఇంటివారూ రక్షణ పొందుతారు అంటారు వాళ్ళు. అప్పాయమ్మ ఆ మాట పట్టుకుని సంతోషంగా ఇంటికెళ్ళి, బియ్యం ఏరుకుంటున్న భవానీదేవి గారికి పెరట్లోంచే చెప్పింది.

"మీకింక బెంగలేదండి అమ్మగారూ. నేను నమ్మేను కాబట్టి మీక్కూడా వచ్చేసిందండి రక్షణ."

"నన్నడక్కుండా నా పేరు రాయించమని నీకెవరు చెప్పేరే?" అని కసిరి, మళ్ళీ బియ్యం ఏరుతూ, "ఏం, అక్కడ కూడా పెరట్లోనే ఉంటావా?" అని అడిగారట ఆవిడ.

"ఆయ్, మీరెక్కడుండమంటే అక్కడేనండి" అందట ఈవిడ.

96లో పెద్ద తుపాను వచ్చింది. సాయంత్రం నుంచే చెట్లు కూలడం మొదలైంది. పెరటి గది కప్పు ఎగిరిపోయింది. అప్పాయమ్మ గోడకు కరుచుకుని నిలబడితే, భవానీదేవి గారు తలుపు తెరిచి జుట్టుముడి ఊడిపోయేంత గాలిలోకి వచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు. పెంకులన్నీ లేచిపోతున్నాయి. ఆ ఇంట్లో శ్లాబు వేసినది ఒక్క దేవుడి గదే. పదిహేనేళ్ళలో వంటింటి గడప కూడా తొక్కని అప్పాయమ్మ ఆ గదిలో భవానీదేవి గారి పక్కన కూర్చుని తన ప్రార్థన తను చేసుకుంది. ఆవిడ స్తోత్రాలు ఆవిడ చదువుకున్నారు. గాలి తగ్గాక ఇద్దరూ ఒకే చెంబులో నీళ్ళు తాగారు. ఆ తర్వాత అప్పాయమ్మకు విడిగా గ్లాసంటూ ఆ ఇంట్లో లేదు.

మూడేళ్ళకు భవానీదేవి గారికి పక్షవాతం వచ్చింది. చుట్టాలు వచ్చి చూసి, పళ్ళు పెట్టి వెళ్ళారు. అప్పాయమ్మ ఆస్పత్రి పని మానేసి ఆవిడకు స్నానం చేయించింది, తల దువ్వింది, మెత్తగా కలిపిన అన్నం తన చేత్తో తినిపించింది. ఎవరి చేతి నీళ్ళు తాగకూడదనుకున్నారో ఆ చేతి ముద్దలే ఆవిడ చివరి రెండేళ్ళ తిండి. 2001 ఫిబ్రవరిలో పోయారు. బావగారి కొడుకు బంగారరాజు గారు వచ్చి కార్యక్రమాలు చేయించారు. శవానికి స్నానం చేయించిన అప్పాయమ్మను శవం లేచాక వీధి గుమ్మం దగ్గరే ఆగిపొమ్మన్నారు.

తర్వాతి ఆదివారం అప్పాయమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. తెల్లచీర కట్టుకుంది. అప్పటికి మాకు పాస్టరు శామ్యూల్ గారు. ముప్పై దాటని మనిషి. చిన్నప్పట్నుంచీ మిషన్ హాస్టళ్ళలో పెరిగి, బైబిలు కాలేజీ చదివి వచ్చాడు. ఎవరికి జ్వరమొచ్చినా వానలో సైకిలేసుకుని వెళ్ళేవాడు. ఆయన చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది.

"మా ఇంటివారు ప్రభువు దగ్గరకెళ్ళిపోయేరండి. ఏడుపొస్తోంది గానీ దిగుల్లేదండి. స్తుతి ప్రార్థన చెయ్యండి" అంది అప్పాయమ్మ.

"ఎవరమ్మా, మీ అత్తగారా?" అని అడిగారు పాస్టరు గారు.

"అత్తగారేంటండి? మా ఇంటివారండి. భవానీదేవి గారు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు గారి ముఖం ఎర్రబడింది. "ఆవిడ నమ్మలేదు కదమ్మా. బాప్తిస్మం తీసుకోలేదు కదా" అన్నారు మెల్లగా.

"నేను నమ్మేను కదండి. ఇంటివారికి కూడా వస్తుందని రాసుందంట కదండి."

పాస్టరు గారు నావైపు చూశారు. సండే స్కూలు నాది, తెలుగు నాది. నేను లేచి నిలబడ్డాను. ఆ వాక్యంలో ఇంటివారు అంటే కుటుంబ సభ్యులనీ, భార్యా బిడ్డలనీ, అద్దెకిచ్చిన యజమాని అనే అర్థం అక్కడ పొసగదనీ, క్లాసులో చెప్పినట్టే గట్టిగా, స్పష్టంగా చెప్పాను. ఉదాహరణ కూడా ఇచ్చాను. సిగ్గులేకపోతే సరి.

అప్పాయమ్మ అంతా విని, "అయితే నాకు ఇంటివారే లేరన్నమాటండి" అంది. "మరి ఆ మాట నాకెందుకు చెప్పేరండి?"

పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు. అందరం లేచి పాడాం. అప్పాయమ్మ కూర్చునే ఉంది.

మరుసటి నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధనకు ముందు పాస్టరు గారు, ఇద్దరు పెద్దలు ఆమెను పక్కకు పిలిచారు. నన్ను కూడా ఉండమన్నారు. "మీ విశ్వాసం గురించి మాకు అనుమానం లేదండి. ఆవిడ గురించి మాత్రం సాక్ష్యంలో చెప్పకండి. పిల్లలు తప్పు నేర్చుకుంటారు" అన్నారు పాస్టరు గారు.

"ఆవిడ నరకంలో ఉన్నారంటారా అండి?"

"నేననడం కాదమ్మా. వాక్యం అంటోంది."

"చెప్పొద్దంటే చెప్పనులెండి. కానీ ఆవిడ అక్కడుందనుకుంటా నేనిక్కడ రొట్టె తినలేనండి. గొంతు దిగదండి" అంది అప్పాయమ్మ. ఆ పూట రొట్టె పళ్ళెం తన దగ్గరకు వస్తే తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించింది. ద్రాక్షరసమూ అంతే. ఆ తర్వాత ఐదేళ్ళు ప్రతి మొదటి ఆదివారం అలాగే అందించింది. ఒక్క ఆరాధన మానలేదు, ఒక్క రొట్టె ముక్క తీసుకోలేదు. పక్కన కూర్చున్న నేను తీసుకుని తిన్నాను.

బంగారరాజు గారు ఇంటికి తాళం వేశాక అప్పాయమ్మ కాలవగట్టున ఒక రేకుల గదిలోకి మారింది. పలకరించేవాళ్ళు తగ్గిపోయారు. ఎవరూ ఆమెను వెలివేయలేదు. ఆమె పక్కన కూర్చుంటే ఏదో ప్రశ్న వేస్తుందని భయం, అంతే. ఒకరోజు బడి వదిలిన వేళకు మా అరుగు మీద కూర్చుని ఉంది. "ఆ జైలాయన కథ మళ్ళీ చదవండి టీచరుగారూ. చెవులతో విన్నది తప్పయింది కదా, ఈసారి మీరు నిమ్మళంగా చదివితే నిమ్మళంగా వింటానండి" అంది.

చదివాను. నాకూ వేరే పని లేదు. నేను పెళ్ళి చేసుకోలేదు. మా తమ్ముడు జోజి ఇంటరులో ఉండగా, 89లో, తన ప్రాణం తానే తీసుకున్నాడు. అలా పోయినవాళ్ళకు రక్షణ లేదని మా పెద్దలు పాటా ప్రార్థనా లేకుండా సమాధుల తోటలో ఓ మూల పాతిపెట్టించారు. అమ్మ ఆ ఏడాదే మంచమెక్కి, మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచీ మా ఇంట్లో గానీ ఊళ్ళో గానీ వాడి పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆదివారం పిల్లలకు పరలోకానికి దారి బోర్డు మీద గీసి చూపించేదాన్ని, ఇంటికొచ్చి అన్నం మానేసేదాన్ని.

కథ విని అప్పాయమ్మ అడిగింది. "అంత పెద్ద ఉద్యోగస్తుడింట్లో పనివాళ్ళుండరా అండి? వాళ్ళక్కూడా వచ్చిందా?"

నాకు తెలియక పాస్టరు గారిని అడిగాను. ఆయన ఏవో లావుపాటి పుస్తకాలు తిరగేసి, ఆ కాలంలో ఇంటివారంటే దాసదాసీలు కూడా కలిసేవారని, యజమాని విశ్వాసాన్ని బట్టి అందరూ బాప్తిస్మం పొందారని చెప్పారు. అంటే నేను నిలబడి చెప్పిన అర్థం కూడా సగమే. భార్యా బిడ్డలు అన్నాను. పనివాళ్ళు నాకు గుర్తే రాలేదు. మా అమ్మమ్మ జీవితమంతా ఒకళ్ళింట్లో పేడకళ్ళు ఎత్తిన మనిషి, అయినా గుర్తు రాలేదు.

కాలవగట్టుకు వెళ్ళి ఆ సంగతి చెబితే అప్పాయమ్మ కాలవ వైపు చూసింది. "దొర నమ్మితే పనిమనిషికి వచ్చిందండి. పనిమనిషి నమ్మితే దొరసానికి రాదాండి? ఇదేంటండీ, కాలవ నీళ్ళలాగా ఎత్తునుంచి పల్లానికే పారుతుందా రక్షణ?"

  ఆ రాత్రి నాకు నా మీదే కోపం వచ్చింది. ఒక్క మాటకు ఇన్ని అర్థాలుంటే, ఆ మాటను ఎన్ని నోళ్ళు, ఎన్ని భాషలు దాటించి మా దాకా తెచ్చాయో! నేను మాత్రం దాన్ని పిల్లల చేత ఎక్కాల్లాగా అప్పజెప్పించాను. దేవుణ్ణి హాజరు పట్టీ పట్టుకున్న మేష్టారిని చేశాను. పేరు పిలిచినప్పుడు పలికినవాడే లోపలికి, గొంతు పెగలనివాడు బయటికి. మా జోజికి గొంతు పెగల్లేదు. అంతకు మించి వాడు చేసిన పాపమేమిటి?  నేను దేవుణ్ణి వదల్లేదు. పిల్లలకు ఆ బొమ్మ గీయడం మాత్రం మానేశాను, ఎందుకు మానేశానో ఎవరికీ చెప్పకుండా.

అలా ఐదేళ్ళు, బడి వదిలాక మేమిద్దరం అరుగు మీద కూర్చునేవాళ్ళం. నేను చదివేదాన్ని, ఆమె ఆపి అడిగేది. ఆమె బాధ భవానీదేవి గారు ఒక్కరే. కుంటికాలితో చీకట్లో ఎక్కడున్నారో, ఎవరు తల దువ్వుతున్నారో అని. ఊళ్ళో ఆమెకు నేను తప్ప, నాకు ఆమె తప్ప ఎవరూ లేరు. అయినా నేనెప్పుడూ సంఘంలో లేచి, అప్పాయమ్మ అడిగింది సబబే అని ఒక్క మాట అనలేదు.

2006 వర్షాకాలంలో ఆమెకు ఆయాసం ముదిరింది. ఆస్పత్రివాళ్ళు తీసుకెళ్ళిపొమ్మన్నారు. ఒక మధ్యాహ్నం పాస్టరు శామ్యూల్ గారు రొట్టె, ద్రాక్షరసం ఉన్న చిన్న పెట్టె పట్టుకుని ఆ రేకుల గదికి వచ్చారు. నేను గంజి తాగిస్తున్నాను. ఆయన స్టూలు మీద కూర్చున్నారు. ఈ ఐదేళ్ళలో ఆయనకూ జుట్టు పల్చబడింది.

"అప్పాయమ్మగారూ, ఇప్పుడైనా తీసుకోండమ్మా. ప్రభువు దగ్గరకు వెళ్తానన్న నిశ్చయం ఉంది కదా మీకు?"

"నా సంగతి నాకు బెంగలేదండి. భవానమ్మగారు లేని చోట నేనుండలేనండి, అదే నా బాధ. ఆవిడ ఎక్కడుంటే అక్కడికే నన్ను కూడా పంపించమని అడుగుతున్నానండి రోజూ. నరకమైతే నరకమేనండి. ఆవిడకి కుడిచెయ్యి ఎత్తడం రాదండి. ఎవరో ఒకరు అన్నం పెట్టాలి కదండి."

పాస్టరు గారు పెట్టె మూత సగం తెరిచి అలాగే ఉండిపోయారు. ఇప్పుడు వాక్యం చూపించి సరిదిద్దుతారని నేను తలవంచుకున్నాను.  తర్వాత ఆయన గొంతు వినిపించింది, ప్రసంగాల్లో వినిపించే గొంతు కాదది.

"మా నాన్నగారు కూడా తీసుకోలేదండి బాప్తిస్మం. మా అమ్మ మిషన్ హాస్టల్లో వేస్తానంటే, ఆయనే నన్ను భుజాన ఎక్కించుకుని, మూడు మైళ్ళు బురదలో నడిచి దింపేరు. ఆయన మాత్రం గుమ్మం బయటే నిలబడిపోయేరు. నేను కాలేజీలో ఉండగా పోయేరండి."

"ఆయన పేరేంటండి?" అంది అప్పాయమ్మ.

"అప్పలరాజండి."

"ఆయ్. నేను అడుగుతానులెండి. మా ఇంటివారితో పాటు ఆయన్ని కూడా అడుగుతాను." అని, ఊపిరి తీసుకుని, నావైపు తిరిగింది. "టీచరుగారూ, మరి మీకండి? మీకెవరైనా ఉన్నారా?"

ఆమెకు జోజి సంగతి తెలుసు. ఊరందరికీ తెలుసు. అయినా నా నోటితో పేరు చెప్పాలని ఆగింది. పాస్టరు గారు కూడా నావైపు చూస్తున్నారు. ఆయన కళ్ళు తడిసే ఉన్నాయి, నన్ను తప్పుపట్టే స్థితిలో లేడా మనిషి. పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. రెండక్షరాలు.

"ఎవరూ లేరండి" అన్నాను.

ఆమె ఇంకాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అందులో రెండు పేర్లే ఉన్నాయి. పాస్టరు గారు రొట్టె విరిచి ఆమె నోట్లో పెట్టారు. ఆమె తింది.

గురువారం పొద్దున్న అప్పాయమ్మ పోయింది. ఆదివారం పాస్టరు గారు ఎప్పటిలాగే ప్రసంగం చేశారు, నేను ఎప్పటిలాగే వందనాలండి అని చెప్పి ఇంటికొచ్చాను. ఇంటికొచ్చి, తలుపు గడియ వేసుకుని, జోజీ అని పైకి పిలిచాను. పదిహేడేళ్ళ తర్వాత ఆ పేరు నా గొంతులోంచి వచ్చింది. అడిగిన మనిషి లేదు.